రెండువందల పదమూడో పేషెంటు

మధ్యాహ్నం ఒంటిగంటా పావు అయింది. నాలుగింటికి ప్రాసిక్యూటర్ సంతకం పడితే నీలో పకాయాని జైలుకి తీసుకుపోతారు. ఈ మధ్యలో మిగిలిన రెండుమ్ముప్పావు గంటలూ నది ఒడ్డున ఉన్న ఈ ఇకీటోస్‌లో బుద్ధున్నవాడెవడూ పనిచేసే వేళ కాదు. నది పోలీసుల ఆఫీసులో పంకా తిరుగుతోందో కునుకు తీస్తోందో తెలియడం లేదు. దాని కింద కుర్చీలో ఎల్మిరా షాపియామా కూడా అదే వాలకంలో ఉంది, కళ్లు సగం మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని.

ఆ స్టేషన్లో ఆమెకి కునుకుల ఎల్మిరా అని పేరు. పంతొమ్మిదేళ్లు ఆరోగ్యశాఖలో రికార్డుల గుమాస్తాగా చేసి, నాలుగేళ్ల కిందట మానేసి, తప్పిపోయిన మనుషుల్ని వెతికే పని పెట్టుకుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. నవ్వేవాళ్లని నవ్వనిచ్చేది. కళ్లు బార్లా తెరిస్తే ఎదుటివాడి మొహం అడ్డొచ్చి మాట సరిగా వినపడదని ఆమె నమ్మకం.

ఎదురుగా నీలో కూర్చున్నాడు. నలభై ఆరేళ్ల పడవవాడు, చేతులకి బేడీలు. పొద్దున వాళ్లావిడ తెచ్చిన హువానే పొట్లం, ఆకులో చుట్టి ఉడికించిన అన్నం, ఆకు కూడా విప్పకుండా పక్కనే ఉంది. ఆవిడే ఎల్మిరాని పెట్టుకున్నది. మా ఆయన తాగుతాడు, కొట్లాడతాడు, కానీ మనిషిని నీళ్లలోకి తొయ్యడు అని చెప్పి ఊరుకుంది. అంతకంటే సాక్ష్యం ఆవిడ దగ్గర లేదు.

నీళ్లలోకి తోశాడని చెబుతున్నది జోయిలా మనివారిని. నది వెంట ఊళ్లు తిరిగి టీకాలు వేసే, పురుళ్లు పోసే నర్సు. సోమవారం నీలో పడవలో వెళ్లింది. బుధవారం నీలో ఒక్కడే తిరిగొచ్చాడు. అప్పటినుంచి రెండురోజులుగా చెప్పిందే చెబుతున్నాడు. ఎల్మిరా దాన్ని మళ్లీ మొదటినుంచి చెప్పించుకుంది.

సోమవారం పొద్దున పాల్మీచే అనే ఊళ్లో పని ముగించుకుని పదకొండింటికి బయల్దేరారట. పన్నెండుంపావుకి సాన్ రొమాన్ రేవు చేరారట. ఇంజనుకి పెట్రోలు చాలదని నీలో డబ్బా పట్టుకుని గట్టెక్కాడు. నది బాగా తీసి ఉంది కాబట్టి రేవునుంచి ఊళ్లోకి మట్టిలో చెక్కిన మెట్లు వందకి పైనే. పైన కొట్టువాడు నిద్రపోతున్నాడు, లేపాల్సొచ్చింది. దిగేసరికి ఒంటిగంటా పది. పడవ ఉంది, నర్సు లేదు. బట్టలుతుకుతున్న ఒకావిడ, పొడుగుపడవ వచ్చి ఎక్కించుకుపోయిందని చెప్పింది. మర్నాడంతా ఆ చుట్టుపక్కల వెతికాడు. బుధవారం పోలీసులు వెళ్లి అడిగేసరికి అదే ఆవిడ, నేనెవర్నీ చూడలేదు, ఈ రేవుకి ఏ నర్సూ రాలేదు అంది.

"నువ్వు గట్టెక్కేటప్పుడు ఆమె ఏం చేస్తోంది?" అని ఎల్మిరా అడిగింది.

"టాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని పొద్దున రాసినయి సరిచూసుకుంటా ఉంది దొన్యా." ఇక్కడ పెద్దావిడల్ని దొన్యా అనే పిలుస్తారు.

"దిగొచ్చాక టాబ్లెట్ ఎక్కడుంది?"

"సీటు కింద సంచిలో. చార్జింగుకని పడవ బ్యాటరీకి తీగ పెట్టేసి ఉంది. ముట్టుకుంటే వెచ్చంగా ఉంది."

ఎల్మిరా కళ్లు ఇంకో కొంచెం మూసుకున్నాయి. "వెళ్లేటప్పుడు తీగ ఉందా?"

"లేదు. రాసేటప్పుడు తీగ పెట్టదు ఆమె. పడవ బ్యాటరీకి పెట్టామంటే తెర పిచ్చెక్కినట్టు ఆడుద్ది. వేలు ఒకచోట పెడితే అక్షరం ఇంకోచోట పడుద్ది. అందుకే రాయడం అంతా అయిపోయాకే తీగ పెట్టుద్ది."

ఆ మాట తనకెంత పనికొస్తుందో నీలోకి తెలియదు. ఎల్మిరా హువానే పొట్లం అతని ముందుకి జరిపి, తినమని చెప్పి లేచింది.

గుమ్మంలో కెప్టెన్ వియకోర్తా నిలబడి ఉన్నాడు. రాజధాని లీమానుంచి బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. ఈ ఉక్కలో కూడా చొక్కా ఇస్త్రీ మడత చెడని మనిషి. తెలివైనవాడే, ఆ సంగతి తనకి తెలియడమే అతనితో వచ్చిన తంటా. కేసు తేలిపోయిందని, ఈ ఎండలో ఎల్మిరా ఆయాసపడటం చూస్తే తనకే జాలేస్తోందని అన్నాడు. జోయిలా ఎవర్ని చూసినా టాబ్లెట్లో రాస్తుంది. తమ ఇంజనీరు రికార్డులన్నీ గంటల వారీగా తీశాడు. ఆఖరిది సోమవారం పది నలభై రెండు, పాల్మీచే, ఓ ముసలాయన కళ్లలో మందు వెయ్యడం. ఆ తర్వాత అక్షరం లేదు. సాన్ రొమాన్లో ఆమె కాలే పెట్టలేదని దానర్థం. పాల్మీచే దాటాక నదిలోనే అయిపోయింది కథ. ఈ నీలో డ్యూటీలో మసాతో అనే కర్రపెండలం కల్లు తాగుతున్నాడని ఆమె కిందటి నెల కాగితం పెట్టింది. కారణం కూడా దొరికింది.

"సాన్ రొమాన్లో ఏమీ రాయనిదానివి, మరి తీగెందుకు పెట్టావమ్మా?" అని ఎల్మిరా పైకే అంది, అతనితో కాదు, జోయిలాతో మాట్లాడుతున్నట్టు. కెప్టెన్ వెనక నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వాపుకున్నాడు. ఆమె నర్సు పడవ చూస్తానంది.

పడవ పోలీసు రేవులోనే కట్టి ఉంది. రెండు కావడానికి ఇంకా కొద్ది నిమిషాలున్నాయి. ఎల్మిరా ఎక్కి, నర్సు కూర్చునే సీటులో కూర్చుంది. పైన తాటాకు కప్పు, కింద గోధుమరంగు నీళ్లు మెల్లగా ఊపుతున్నాయి. దూరంగా ఎక్కడో ఇంజను చప్పుడు మొదలై, మాసిపోయి, మళ్లీ వినపడుతోంది. ఆమె తల వాలిపోయింది. గట్టుమీదనుంచి చూస్తున్న కెప్టెన్‌కి ఆమె నిజంగానే నిద్రపోయిందనిపించింది. ఆమెకీ అలాగే అనిపించింది. ఆ ఊపులో తను ఎల్మిరా కాదు, జోయిలా. పన్నెండున్నర. పడవవాడు గట్టెక్కాడు. ఎండ నీళ్లమీదనుంచి కళ్లలోకి కొడుతోంది. ఇంకో పడవ వచ్చి పక్కన ఆనింది. ఇప్పుడు నా చెయ్యి దేనికోసం వెళ్తుంది?

చెయ్యి తనంతట తనే కుడిపక్కకి వెళ్లింది. అక్కడ గోడకి తోలు పట్టీ ఉంది, ఖాళీగా. గర్భిణి పొట్టమీద ఆనించి బిడ్డ గుండె వినే చెక్కగొట్టం ఉండాల్సిన చోటు అది. దాని పక్కనే కొలిచే టేపు చుట్టకుండా వేలాడుతోంది. సీటు కింద చెత్తడబ్బా మూత తీసింది. అడుగున ఒకే ఒక చేతితొడుగుల జత, ఒకదాన్ని ఇంకోదానిలో ముద్దగా మడిచి పెట్టినది.

ఎల్మిరా కళ్లు పూర్తిగా తెరిచింది. ఏ ఊళ్లో చెత్త ఆ ఊళ్లోనే కాల్చి బయల్దేరడం నది నర్సుల పద్ధతి. పాల్మీచే చెత్త పాల్మీచేలోనే బూడిదై ఉంటుంది. ఈ జత పాల్మీచే దాటాక వాడినది. కంటిమందుకి తొడుగులు వాడరు, టేపు అసలే వాడరు. ఈ పడవ పక్కన, సాన్ రొమాన్ రేవులో, జోయిలా ఒక గర్భిణిని చూసింది. చూసి రాసింది. రాసి తీగ పెట్టింది. మరి రాసింది ఎక్కడ?

సమాధానం ఆమెకి తెలుసు. తెలియడమే కాదు, ఒకప్పుడు దానివల్ల తను చేసిన తప్పు కూడా గుర్తొచ్చింది.

ఆ ప్రోగ్రాం లీమాలో రాసి పంపినది. నదిమీద నెట్ ఉండదు కాబట్టి టాబ్లెట్ బ్రౌజర్‌లోనే ఒక రికార్డుల గిడ్డంగి పెట్టారు. నర్సు రాసినవన్నీ అందులో దాక్కుని, ఊరొచ్చి నెట్ దొరికాక బయటికి పోతాయి. ప్రతి ఫారంలోనూ గంట అని ఒక గడి ఉంది, మామూలుగా అయితే పేషెంటుని చూసిన గంట. కాన్పు ఫారంలో ఆ గడి బిడ్డ పుట్టిన గంట. ఇక్కడి నర్సులు నెప్పులు మొదలవగానే ఫారం తెరుస్తారు, ఆ గడి మాత్రం బిడ్డ పుట్టేదాకా ఖాళీగా వదిలేస్తారు. బిడ్డ ఏడవకముందే గంట రాస్తే బిడ్డకి కీడని ఈ నదిమీద తల్లులు ఒప్పుకోరు. రాస్తున్నారని తెలిస్తే పడవే ఎక్కరు. ప్రోగ్రాం రాసేటప్పుడు లీమావాళ్లకి ఆ సంగతి తెలియదు. వాళ్ల ప్రోగ్రాం తెరమీద చూపించే జాబితా గంటల సూచిక ప్రకారం నడుస్తుంది. గంట లేని రికార్డు ఆ సూచికలోకి ఎక్కదు. గిడ్డంగిలో ఉంటుంది, జాబితాలో ఉండదు.

ఆరేళ్ల కిందట ఒక వానాకాలం నెలాఖరు లెక్కలో మూడు కాన్పులు తగ్గాయి. ఎల్మిరా ఆ నర్సుని బల్ల ముందు నిలబెట్టి, అందరి ఎదుటా చెడామడా తిట్టింది. ఆ పిల్ల తడిసిన చెప్పులతో నిలబడి, "రాశానక్కా" అని ఒక్క మాటే అంది. ఏడవలేదు. అది జోయిలా. రాసిన మాట నిజమేనని, గంట గడి ఒక్కటే ఖాళీగా ఉండిపోయిందని తేలడానికి నెల పట్టింది. ప్రోగ్రాం సరిచెయ్యమని లీమాకి రాసినా అక్కడెవరూ పట్టించుకోలేదు. తను క్షమాపణ చెప్పలేదని ఎల్మిరాకి ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

రెండూ ఇరవైకి ఆమె ఆఫీసులో టాబ్లెట్ చూపించమంది. కెప్టెన్ ససేమిరా అన్నాడు. సీలు వేసిన సాక్ష్యం, ఇంజనీరు చూసి ఇచ్చిన నివేదిక ఉంది, ముద్దాయి తరఫు మనిషి తాకడానికి వీల్లేదు. ముద్దాయి తరఫువాళ్లు పోలీసు సమక్షంలో చూడొచ్చని చట్టంలో ఉన్న మాట ఎల్మిరా సెక్షన్ నంబరుతో సహా చెప్పింది. అతను నంబరు వెతికి, ఉందని చూసి, ఇంకా చిరాకుపడ్డాడు.

"మీరు తాకి ఏదైనా చెరిగిపోతే?"

"చదవడానికి మాత్రమే అని చెప్పి తెరుస్తాను. అలా తెరిస్తే నేను కావాలన్నా మార్చనివ్వదు. మీ ఇంజనీరు తీసిన జాబితా ముందు పెట్టుకోండి కెప్టెన్ గారూ, కలం పట్టుకోండి. నేను చదువుతాను, మీరు టిక్కు పెట్టండి. ఒక్కటి ఎక్కువ రాకపోతే నాలుగింటికి సంతకం పెట్టించుకోండి, నేనే సిరా తెచ్చిస్తాను."

అతనికి అది సరదాగా తోచింది. సీలు విప్పించాడు. టాబ్లెట్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి ఆమె ఏడెనిమిది లైన్లు కొట్టింది. భుజం మీదుగా చూస్తున్న కెప్టెన్ ఇదేమిటని అడిగాడు. కర్సర్ అంది. తెరమీద తిరిగే బాణం కాదు, రికార్డుల వరసలో నిలబడే వేలు లాంటిదని చెప్పింది. ఒక రికార్డు మీద ఆగి దాన్ని చూపిస్తుంది. ముందుకి అంటే తర్వాతి దానిమీదికి జరుగుతుంది. ఇంకేమీ లేనప్పుడు ఉత్త చెయ్యి చూపిస్తుంది. మీ ఇంజనీరు కూడా ఇదే వాడాడు, కాకపోతే ఆ వేలుని గంటల సూచిక మీద నడిపించాడు. నేను నేరుగా గిడ్డంగిలో నడిపిస్తాను, రాసిన వరస నంబర్ల ప్రకారం. సోమవారం నూట తొంభైతో మొదలైంది కాబట్టి అక్కణ్నుంచి చాలు.

వేలు కదిలింది. క్షణంలో రికార్డులు తెరమీద ఒకదాని కింద ఒకటి పరుచుకున్నాయి. ఎల్మిరా సగం మూసిన కళ్లతో ఒక్కొక్కటే చదువుతుంటే కెప్టెన్ టిక్కు పెడుతున్నాడు. నూట తొంభై, ఆరునెలల పిల్ల, రెండో టీకా. నూట తొంభై ఒకటి, దాని అన్న, సూది చూసి పారిపోయి చెట్టెక్కాడు, దించి వేశాం. నూట తొంభై నాలుగు, పంటినొప్పి. నూట తొంభై తొమ్మిది, ఒంట్లో ఏమీ లేదు, మాట్లాడటానికి వచ్చింది, మాట్లాడాను. చదువుతున్న గొంతు తనదే అయినా ఎల్మిరాకి జోయిలా గొంతు వినిపిస్తోంది. మనుషులు ఒక్కొక్కరే పొగమంచులోంచి వచ్చి, బల్ల ముందు కాసేపు నిలబడి, పేరు చెప్పి, మళ్లీ పొగమంచులోకి వెళ్లిపోతున్నట్టుంది. గది, పంకా, కెప్టెన్, అన్నీ ఎక్కడో దూరంగా జరిగిపోయాయి. రెండువందల ఐదు, జ్వరం. రెండువందల తొమ్మిది, తేనెటీగలు. కలం ప్రతిసారీ చిన్న చప్పుడు చేస్తోంది.

"రెండువందల పన్నెండు. పది నలభై రెండు. పాల్మీచే. ముసలాయన, కంటిమందు."

కెప్టెన్ టిక్కు పెట్టి, కలం మూత బిగించాడు. "అయిపోయింది దొన్యా ఎల్మిరా. సిరా అక్కర్లేదు, ఇందులో చాలా ఉంది."

"రెండువందల పదమూడు," అంది ఎల్మిరా.

కెప్టెన్ తన కాగితం చూసుకున్నాడు. ఆఖరి గీత కింద తెల్లగా ఉంది. తిప్పి వెనక్కి చూశాడు, అక్కడా ఏమీ లేదు. అప్పుడు తెర దగ్గరికి వంగాడు. గంట గడి ఖాళీ. ఎందుకు ఖాళీయో ఎల్మిరా రెండు ముక్కల్లో చెప్పింది. ఇన్ని నెలలుగా ఈ నదిమీద తిరుగుతూ ఆ సంగతి తను వినలేదని అతను ఒప్పుకోలేదు, అలాగని కాదనలేదు కూడా.

"చదవండి," అన్నాడు మెల్లగా.

ఎల్మిరా చదివింది. ఫారం: కాన్పు. ఊరు: సాన్ రొమాన్ రేవు, పడవలోనే చూశాను. పేరు: చెప్పనివ్వడం లేదు. వయసు: పదహారు. తొలి కాన్పు. బిడ్డ గుండె బాగుంది. తీసుకొచ్చినవాళ్లు: ముగ్గురు మగవాళ్లు, ఒకడికి ఎడమచేతికి మూడే వేళ్లు. ఇల్లు: వంగానా పాయ లోపల, దొంగతనంగా దుంగలు కోసే చోటు.

కెప్టెన్ నిటారుగా అయ్యాడు. ఆ కోతవాళ్ల కోసం అతను ఎనిమిది నెలలుగా వెతుకుతున్నాడు. వాళ్ల జాగా చూసి బయటికొచ్చిన మనిషి ఇంతవరకూ లేడు. రేవులో బట్టలుతికే ఆవిడ ఎందుకు మాట మార్చిందో ఇప్పుడు అర్థమైంది.

నీలో లేచి నిలబడ్డాడు, చేతుల బేడీలు చప్పుడు చేశాయి. అతని కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తను బయటపడ్డానని కాదు. "బతికుందా దొన్యా? ఆమె బతికే ఉందా?" అని అదే మాట మళ్లీ మళ్లీ అడుగుతున్నాడు.

కింద గమనిక అన్న గడిలో ఇంకా ఉంది. ఫారం నింపకపోతే మందులివ్వడం కుదరదని వాళ్లని నమ్మించినట్టుంది జోయిలా, తొందర తొందరగా కొట్టింది, అక్షరాలు కొన్ని ఎగిరిపోయాయి. ఎల్మిరా అదీ చదివింది.

"ఇవి దొంగ నెప్పులు. నా లెక్కన కాన్పు శుక్రవారం. అప్పటిదాకా వాళ్ల దగ్గరే ఉండాలంటున్నారు. రానంటే నీలో దిగొచ్చేదాకా ఆగి అతన్ని కాలుస్తామంటున్నారు. అందుకే వెళ్తున్నాను. పుట్టాక నన్ను పంపిస్తారా అని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. మూడు వేళ్లవాడు నవ్వాడు."

వేలు ఇంకో అడుగు ముందుకి వేసి, ఉత్త చెయ్యి చూపించింది. అదే ఆఖరి రికార్డు.

గోడమీద క్యాలెండరు వైపు ముందుగా చూసింది కానిస్టేబుల్. శుక్రవారం. గడియారంలో మూడూ ఐదు.

కెప్టెన్ జేబులోంచి తాళంచెవి తీసి నీలో బేడీలు విప్పాడు. వంగానా పాయకి ఎంతసేపని అడిగాడు. ఈ నెలలో నీళ్లు మోకాల్లోతే, మీ పెద్దపడవలు పాయ మొగలోనే ఇరుక్కుపోతాయి, నా పడవలో అయితే ఐదు గంటలు అని నీలో చెప్పాడు. తనే తోలతానన్నాడు. ఎవరూ అడగలేదు కూడా. కెప్టెన్ తుపాకుల గది తెరవమని అరుస్తూ బయటికి పరిగెత్తాడు.

గుమ్మం దాకా వెళ్లిన నీలో వెనక్కి తిరిగాడు.

"దొన్యా, ఐదు గంటలు. అందాకా ఆగుద్దా బిడ్డ?"

"తొలి కాన్పు నాయనా. ఆలస్యమవుతుంది. వెళ్లు."

అతను ఆ మాట నమ్మి మెట్లు దిగి పరిగెత్తాడు. ఎల్మిరా తెర ముందు ఒక్కతే మిగిలింది. పంతొమ్మిదేళ్లు ఖాళీ గడులు వదిలేశారని నర్సుల్ని తిట్టిన మనిషి, అరచేతిని ఆ ఖాళీ గడి మీద ఆనించి కూర్చుంది. పదహారేళ్ల పిల్లలకి తొలి కాన్పు ఎంత తొందరగా అయిపోవచ్చో రికార్డుల గదిలో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.